ఇంటి దగ్గర కారు షెడ్డు, చిన్న వర్క్‌షాపు: కొలతల నుంచి ఖర్చు దాకా ఎలా వేసుకోవాలి

"ఇంటి పక్కన కాస్త ఖాళీ జాగా ఉంది. కారు పెట్టుకోవాలి, వెనకాల చిన్న పనిచోటు కావాలి. ఎంతవుతుంది?" ఈ ప్రశ్నకు ఒక్క అంకెతో జవాబు చెప్పేవాళ్లను నమ్మకండి. నేల నల్లరేగడా ఎర్రమట్టా, మీ ఊరు తీరంలో ఉందా లోపల ఉందా, వెల్డింగ్ చేస్తారా లేక పానాలతో సరిపెట్టుకుంటారా అన్నదాన్ని బట్టి లెక్క మారిపోతుంది. అందుకని ఇక్కడ ఒకే కొలత తీసుకుందాం: 12 అడుగుల వెడల్పు, 28 అడుగుల పొడవు, ఇనుప పైపుల మీద రేకుల షెడ్డు. మీ కొలత వేరైతే ఇదే పద్ధతిలో మార్చుకోండి.

లెక్కంతా ఒక్క సూత్రం మీద నడవాలి. నేల కిందకీ కాంక్రీటు లోపలికీ పోయేవాటికి ముందు డబ్బు కేటాయించండి. పానాలు వచ్చే ఏడాది కొనుక్కోవచ్చు, పోసేసిన నేల కింద పైపు మాత్రం వేయలేరు. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. కంప్రెసర్, టూల్ కిట్ ముందే కొనేసి, నేల దగ్గరికి వచ్చేసరికి 3 అంగుళాల మందంతో సరిపెడతారు. ఆ నేల మీద జాక్ పెట్టిన చోటల్లా పగులు వస్తుంది.

మొదలుపెట్టే ముందు దగ్గర ఉండాల్సినవి

- 50 అడుగుల టేపు, నూలు దారం, మేకులు, నీటి లెవెల్ ట్యూబు, ఒక సంచి ముగ్గు
- మీ కారు మాన్యువల్ (పొడవు, వెడల్పు, జాక్ పెట్టే చోట్లు అందులో ఉంటాయి)
- తాజా కరెంటు బిల్లు (మంజూరైన లోడు ఎన్ని కిలోవాట్లో చూడడానికి)
- ఇంటి ప్లాన్ అనుమతి కాగితాలు
- కనీసం ముగ్గురి దగ్గర రాతపూర్వక కొటేషన్లు: మేస్త్రీ, ఫ్యాబ్రికేటర్, ఎలక్ట్రీషియన్ పని విడివిడిగా

1. అనుమతి సంగతి ముందు తేల్చుకోండి

ఇంటి చుట్టూ వదలాల్సిన సెట్‌బ్యాక్‌లో శాశ్వత షెడ్డు వేస్తే మున్సిపాలిటీ కూల్చమనే అవకాశం ఉంది. లైసెన్సు ఉన్న ఇంజనీరుకు ప్లాన్ చూపించి, ఎక్కడిదాకా వేయొచ్చో రాయించుకోండి. పక్కింటివాళ్ల ప్రహరీ మీద మీ దూలం ఆనించకండి, మీ రేకుల నీళ్లు వాళ్ల జాగాలో పడనీయకండి. షెడ్డు తగాదాల్లో ఎక్కువ భాగం ఈ రెండింటి దగ్గరే పుడతాయి.

అపార్ట్‌మెంట్ స్టిల్ట్‌లో (కింది పార్కింగ్ అంతస్తులో) అయితే పార్కింగ్ చోటును మూసి గది చేయడం కుదరదు. అక్కడివాళ్లు చక్రాల టూల్ ట్రాలీ, మడత బల్ల, ఒక జత జాక్ స్టాండ్లతో ఆగడమే మంచిది. వాస్తు చూసుకునేవాళ్లు ఆ మాట కాగితం మీద ఉండగానే తేల్చుకోండి. ఫుటింగులు (స్తంభాల కింది కాంక్రీటు పునాదులు) పోశాక గేటు దిక్కు మార్చమంటే ఖర్చు రెట్టింపవుతుంది.

2. ముగ్గుతో గీసి, కారు పెట్టి చూడండి

4.3 మీటర్ల కారు అంటే 14 అడుగుల పైచిలుకు. ముందు 2, వెనక 2 అడుగులు కలిపితే 18 అడుగులు కారుకే పోతాయి. మిగిలిన 10 అడుగులు పనిచోటు. ఇన్నోవా క్రిస్టా లాంటి 4.7 మీటర్ల బండి అయితే షెడ్డు పొడవు 30 అడుగులు చేయండి. 12 అడుగుల వెడల్పులో కారు 6 అడుగులు తీసుకుంటే రెండు పక్కలా తలా 3 అడుగులు మిగులుతుంది. తలుపు తెరుచుకుని దిగడానికి, చక్రం పక్కన కూర్చుని నట్లు విప్పడానికి అంత కావాలి. 10 అడుగుల వెడల్పులో కారు పడుతుంది కానీ పని సాగదు.

ఖాళీ జాగాలో ముగ్గుతో గీతలు గీసి కారు లోపల పెట్టండి. నాలుగు తలుపులు, బానెట్, డిక్కీ అన్నీ ఒకేసారి తెరవండి. ట్రాలీ జాక్ పిడి ఊపడానికి కారు ముందు 4 అడుగులు కావాలని గుర్తుంచుకోండి. ఆ వేళ కారును కాస్త వెనక్కి జరుపుకునే వీలుందో లేదో ఇప్పుడే చూసుకోవాలి.

మూలమట్టం తేల్చడానికి ఒక మూల నుంచి ఒకవైపు 6, రెండోవైపు 8 అడుగుల దగ్గర గుర్తు పెట్టండి. రెండు గుర్తుల మధ్య సరిగ్గా 10 అడుగులు రావాలి. తర్వాత మొత్తానికి కర్ణాలు కొలవండి. 12 × 28 కి రెండు కర్ణాలూ 30 అడుగుల 5½ అంగుళాలు ఉండాలి. అర అంగుళం కన్నా ఎక్కువ తేడా వస్తే మేకులు సర్దుకోండి, లేకపోతే పైన రేకులు వంకర పడతాయి.

రోలింగ్ షట్టర్ వెడల్పు 9 అడుగులకు తగ్గొద్దు, ఎత్తు 8 అడుగులు. షట్టర్ చుట్టుకునే పెట్టెకు పైన మరో అడుగున్నర వదలాలి. అందుకే కప్పు తక్కువ వైపు 10, ఎక్కువ వైపు 12 అడుగులు పెట్టుకుంటున్నాం.

3. ఫుటింగులు: బరువు మోయడానికి కాదు, ఎగరకుండా పట్టుకోవడానికి

రేకుల షెడ్డు తేలిక. దాన్ని గాలి ఎత్తేస్తుంది. భారత ప్రమాణాల ప్రకారం డిజైన్‌కు తీసుకునే గాలి వేగం హైదరాబాద్‌లో సెకనుకు 44 మీటర్లు, విశాఖపట్నం, విజయవాడ, నెల్లూరుల్లో 50 మీటర్లు. అంటే గంటకు సుమారు 158, 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పటి గాలులు తీరంలో ఉన్నవాళ్లకు గుర్తే ఉంటాయి.

ఒక ముతక లెక్క చూడండి. అంచులతో కలిపి కప్పు 15 × 30, అంటే దాదాపు 42 చదరపు మీటర్లు. 44 మీటర్ల గాలికి చదరపు మీటరుకు సుమారు 116 కిలోల పీడనం. మొత్తం దాదాపు 4,900 కిలోలు. ఎనిమిది స్తంభాలకు పంచితే ఒక్కోదాన్ని 600 కిలోల పైన పైకి లాగుతుంది. 2 × 2 అడుగుల వెడల్పు, అడుగు మందం ఫుటింగు, దాని మీద అడుగు చదరం, 2 అడుగుల ఎత్తు పెడెస్టల్ (పొట్టి కాంక్రీటు దిమ్మ) వేసి, గుంతను మట్టితో దిమ్మిస కొట్టి పూడిస్తే కాంక్రీటు, మట్టి బరువు కలిపి 650 కిలోలకు కాస్త పైన వస్తుంది. లోపలి జిల్లాలకు ఇదే కనీసం. తీరంలో 2½ × 2½ చేసి, అర అడుగు ఎక్కువ లోతుకు దించండి. మూడు వైపులా మూసి ఒకవైపే తెరిచి ఉన్న షెడ్డులో లోపలి గాలి కూడా కప్పును పైకి తోస్తుంది కాబట్టి తీరం వాళ్లు స్ట్రక్చరల్ ఇంజనీరు చేత ఒకసారి చూపించుకోవాల్సిందే.

బేస్ ప్లేట్ (స్తంభం అడుగున ఉండే ఇనుప పలక) బోల్టులు కాంక్రీటు పోసేటప్పుడే దించాలి. తర్వాత డ్రిల్ చేసి పెట్టే యాంకర్ బోల్టులు పైకి లాగే బలానికి అంత నమ్మకం కాదు.

4. నేల: ఇక్కడ పిసినారితనం వద్దు

ముందుగా పైపులు. నేల కింద నుంచి 1 అంగుళం కరెంటు కాండ్యూట్ (వైరు పోయే పైపు) ఒకటి, దాని పక్కనే ఒకటిన్నర అంగుళాల ఖాళీ పైపు ఒకటి, లోపల నైలాన్ తాడుతో వేసి రెండు చివరలూ మూతలు పెట్టండి. రేపు ఎలక్ట్రిక్ కారు చార్జర్ వైరుకో కెమెరా కేబుల్‌కో అది పనికొస్తుంది. వందల్లో పోయే ఖర్చు అది.

నల్లరేగడి అయితే 2 నుంచి 3 అడుగుల మట్టి తీసేసి గ్రావెల్ నింపాలి. ఆ మట్టి వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది, ఎంత ఇనుము వేసినా పైన నేల విరుగుతుంది. ఎర్రమట్టి అయితే అర అడుగు గ్రావెల్ చాలు. దానికి 168 ఘనపుటడుగులు, దిమ్మిసకు అణిగేది కలిపి 210 తెప్పించండి. "ట్రిప్పు"కు రేటు మాట్లాడకండి, ట్రాక్టర్ ట్రక్కు లోపలి కొలత పట్టి ఘనపుటడుగుల్లో మాట్లాడండి. గ్రావెల్‌ను 6 అంగుళాల పొరలుగా నీళ్లు చల్లి దిమ్మిస కొట్టాలి. మడమతో గట్టిగా తొక్కితే గుంట పడకూడదు.

దాని మీద రెండు పొరలు:

- పీసీసీ (ఇనుము లేని కాంక్రీటు), 4 అంగుళాలు, సిమెంటు, ఇసుక, కంకర పాళ్లు 1:4:8. సిమెంటు 11 బస్తాలు, ఇసుక 53 ఘనపుటడుగులు, 40 మి.మీ. కంకర 106 ఘనపుటడుగులు.
- పై కాంక్రీటు, 5 అంగుళాలు, 1:1½:3. సిమెంటు 32 బస్తాలు, ఇసుక 59 ఘనపుటడుగులు, 20 మి.మీ. కంకర 118 ఘనపుటడుగులు. లోపల 8 మి.మీ. కడ్డీలు రెండు వైపులా 8 అంగుళాల దూరంలో, అతుకులతో కలిపి సుమారు 135 కిలోలు.

ఫుటింగులకు మరో 11 బస్తాలు, వృథాకు 3 కలిపి మొత్తం 57 బస్తాలు. కడ్డీల జాలీని కవర్ బ్లాకుల (చిన్న సిమెంటు దిమ్మెల) మీద నిలబెట్టండి. నేల మీద పరిచి, "పోసేటప్పుడు పైకి లాగుతాం" అంటారు. ఎవరూ లాగరు. అడుగున పడి ఉన్న ఇనుము పైన వచ్చే పగులును ఆపలేదు.

వాటం గేటు వైపు, 100కి 1. అంటే 28 అడుగులకు దాదాపు 3½ అంగుళాల దిగుడు. గేటు దగ్గర నేల రోడ్డు కన్నా కనీసం 6 అంగుళాల ఎత్తులో ఉండేలా ముందే లెవెల్ ట్యూబుతో గుర్తులు పెట్టండి.

నీళ్లు బస్తాకు 25 లీటర్లు, ఇసుక తడిగా ఉంటే ఇంకా తక్కువ. మాలు సులువుగా జారాలని పనివాళ్లు బకెట్లు గుమ్మరిస్తారు. నేల మీద ఏడాది తిరక్కముందే లేచే దుమ్ముకు మూలం అదే. రెండో తప్పు, నునుపు కోసం పొడి సిమెంటు చల్లి తాపీతో రుద్దడం. ఆ పలుచని పొర జాక్ చక్రాల కింద పెచ్చులుగా లేస్తుంది. పైకి ఊరిన నీళ్లు ఆరేదాకా ఆగి, చెక్క తాపీతో గరుకుగా ముగించమనండి. నూనె పడ్డప్పుడు జారకుండా కూడా ఉంటుంది.

24 గంటల లోపు 10 అడుగులకు ఒక చోట ఒకటింపావు అంగుళాల లోతు కోత పెట్టించండి. పగులు రాక మానదు, ఆ కోత వెంబడి వస్తే కంటికి కనపడదు. చుట్టూ మాలుతో గట్టు కట్టి నీళ్లు నిలబెట్టండి. ఇప్పుడు దొరికే పీపీసీ (బూడిద కలిపిన) సిమెంటుకు 10 రోజులు తప్పనిసరి, 14 అయితే మేలు. కారును 28 రోజుల తర్వాతే ఎక్కించండి.

సరిచూడడం: వెనక గోడ దగ్గర రెండు బకెట్ల నీళ్లు పోయండి. పది నిమిషాల్లో గేటు దాటి పోవాలి. ఎక్కడైనా రూపాయి బిళ్ల మునిగేంత నీరు నిలిస్తే ఆ చోటు గుర్తుపెట్టి, మేస్త్రీకి ఆఖరి డబ్బు ఇచ్చేలోపే సరిచేయించండి.

సర్వీసు గొయ్యి తవ్వాలని చాలామందికి ఆశ. వద్దని చెబుతాం. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు, గొయ్యిలో చేరి నిలబడుతుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. కృష్ణా, గోదావరి డెల్టా ఊళ్లలో అయితే ఊట నీరు కూడా చేరుతుంది. ఇంటి పనికి జాక్ స్టాండ్లు సరిపోతాయి.

5. ఇనుము, రేకులు: చదరపు అడుగు రేటుకు ఒప్పుకోకండి

చదరపు అడుగు రేటుకు ఒప్పుకుంటే పలుచని పైపు వాడినా అదే డబ్బు. కిలో రేటుకు, ధర్మకాటా తూకం చీటీతో మాట్లాడండి. ఈ షెడ్డుకు లెక్క ఇది: స్తంభాలు 8, దూలాలు 4, అన్నీ 3.2 మి.మీ. మందం (స్తంభానికి 72 × 72, దూలానికి 96 × 48). అడ్డ పట్టీలు 50 × 50, 2.5 మి.మీ., 30 అడుగులవి 5 వరుసలు. ప్లేట్లు, ఏటవాలు బ్రేసింగ్ కలిపి మొత్తం 540 కిలోల దగ్గర తేలుతుంది.

సరిచూడడం తేలిక. 72 × 72, 3.2 మి.మీ. పైపు 20 అడుగుల నిడివికి 41 కిలోలు తూగాలి. 27 కిలోలే వచ్చిందంటే అది 2 మి.మీ. పైపు. రెడాక్సైడ్ పూత వేయకముందే తూకం వేయించి, వెల్డింగ్ అతుకులు చుట్టూతా పట్టాయా, చుక్కలు పెట్టి వదిలేశారా చూడండి. రంగు పడ్డాక ఏదీ కనపడదు.

0.5 మి.మీ. కలర్ కోటెడ్ రేకులు 15 అడుగుల పొడవువి 10 పడతాయి. మూడున్నర అడుగుల వెడల్పు రేకు ఒకదాని మీద ఒకటి ఎక్కాక మూడుంబావు అడుగులే కప్పుతుంది. తెలుపు లేదా లేత రంగు తీసుకోండి, వేసవిలో లోపల తేడా తెలుస్తుంది. చాలాసార్లు రేటు ఒకటే. సిమెంటు రేకు చవక, కానీ ఆస్బెస్టాస్ ఉన్నదాన్ని కోసినా తొలిచినా లేచే దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం. అవే వాడాల్సి వస్తే తడిపి, మాస్కుతో పని చేయించండి.

స్క్రూలు రేకు ఎత్తైన మడత మీద, రబ్బరు వాషరుతో. పల్లంలో కొడితే నీరు కారుతుంది. అంచు వరుసల్లో ప్రతి మడతకూ ఒక స్క్రూ ఉండాలి, గాలి ముందు అంచునే పట్టుకుని లేపుతుంది. వాషరు చదునుగా నలిగిపోయేదాకా బిగించినా తప్పే, రెండు ఎండలకు చీలిపోతుంది.

6. కరెంటు

ఉన్న పరికరాలన్నీ కూడకండి, ఒకేసారి నడిచేవి కూడండి. 2 హెచ్‌పీ కంప్రెసర్ 1.5 కిలోవాట్లు, 4 అంగుళాల గ్రైండర్ 0.85, లైట్లు 0.16, కలిపి రెండున్నర. ఇన్వర్టర్ వెల్డింగ్ మెషీన్ 3.15 మి.మీ. రాడ్‌తో ఒక్కటే 4 దాకా లాగుతుంది. కారు చార్జర్ 15 ఆంపియర్ల సాకెట్ మీద 3.3. ఇంట్లో ఏసీ, గీజరు కలిపి చూస్తే మంజూరైన లోడు దాటుతుందేమో లెక్కవేసి, దాటితే డిస్కంకు (కరెంటు పంపిణీ సంస్థకు) అదనపు లోడు దరఖాస్తు చేయండి. డబ్బు తీసుకుని ఇతరుల బండ్లు బాగుచేస్తే గృహ కనెక్షన్ చెల్లదు, వాణిజ్య కేటగిరీకి మారాలి.

- మీటరు నుంచి షెడ్డు బోర్డుకు 6 చ.మి.మీ. రాగి వైరు, 32 ఆంపియర్ల డబుల్ పోల్ ఎంసీబీ (లోడు మించితే దానంతటదే పడిపోయే స్విచ్). దూరం 20 మీటర్లు దాటితే 10 చ.మి.మీ.
- 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్). తడి నేల మీద చెప్పుల్లేకుండా గ్రైండర్ పట్టే ఇంట్లో ఇది ప్రాణం కాపాడే వస్తువు, తీసేయొద్దు.
- లైట్లకు 1.5, 16 ఆంపియర్ల సాకెట్లకు 2.5, వెల్డింగ్‌కు 4 చ.మి.మీ. వైరు, వేర్వేరు సి రకం ఎంసీబీలతో (మోటార్లు మొదలయ్యేటప్పటి ఎక్కువ కరెంటుకు పడిపోనివి).
- సాకెట్లు నేల నుంచి 4 అడుగుల ఎత్తులో. బల్ల మీదకు అందుతాయి, నేల మీద పాకే పెట్రోలు ఆవిరికి దూరంగా ఉంటాయి.
- షెడ్డుకు సొంత ఎర్త్ పిట్ (ఎర్త్ వైరును నేలలోకి దించే గుంత). ఇనుప స్తంభాలనూ దానికి కలపాలి.

20 వాట్ల ఎల్ఈడీ ట్యూబులు 6 పెట్టండి, కారుకు రెండు పక్కలా వరుసలుగా. నడిమధ్యన పెడితే వెలుగంతా కారు టాపు మీదే పడి, చక్రాల దగ్గర చీకటి మిగులుతుంది. మరో రెండు బల్లకు సరిగ్గా పైన.

సరిచూడడం: మల్టీమీటరుతో ప్రతి సాకెట్ దగ్గర ఫేజుకు న్యూట్రల్‌కు 230 వోల్టుల చుట్టూ, ఫేజుకు ఎర్త్‌కు కూడా అంతే రావాలి. న్యూట్రల్‌కు ఎర్త్‌కు మధ్య 2, 3 వోల్టులు మించితే ఎలక్ట్రీషియన్‌ను మళ్లీ పిలవండి. ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కండి.

7. బల్ల, పనిముట్లు

బల్ల 7 అడుగుల పొడవు, 2 అడుగుల లోతు, 34 నుంచి 36 అంగుళాల ఎత్తు. 50 మి.మీ. యాంగిలర్ చట్రం మీద 18 మి.మీ. వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ రెండు పొరలు. 5 అంగుళాల వైస్‌ను బల్ల కాలికి సరిగ్గా పైన బిగించండి, మధ్యలో పెడితే ఆకురాయి పట్టిన ప్రతిసారీ బల్ల ఊగుతుంది. వైస్ దవడల పైభాగం మీ మోచేతి ఎత్తుకు రావాలి.

మొదటి ఏడాదికి ఇవి చాలు: అర అంగుళం డ్రైవ్ సాకెట్ సెట్టు, 6 నుంచి 32 దాకా పానాలు, స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయర్, టార్క్ రెంచి (నట్టును ఎంత బలంతో బిగించామో చూపేది), మల్టీమీటరు, ట్రాలీ జాక్, ఒక జత 3 టన్నుల స్టాండ్లు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో ఒక పూట తిరిగితే అన్నీ ఒకేచోట పోల్చి చూడొచ్చు. పేరులేని 100 ముక్కల కిట్టు కన్నా తపారియా లాంటి నికరమైన కంపెనీవి 20 ముక్కలు మేలు. మెత్తని సాకెట్ నట్టు మూలలు తినేస్తుంది, ఆ నట్టు తీయడానికి అయ్యే కూలి సాకెట్ ధర దాటుతుంది.

జాక్ ఎత్తడానికే. కిందకు దూరే ముందు స్టాండ్లు పెట్టి, కారును పక్క నుంచి గట్టిగా తోసి చూడండి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పెట్టి ఎప్పుడూ దూరకండి, అవి ముందుగా హెచ్చరించకుండా పగులుతాయి. షట్టర్ మూసి ఇంజను నడపకండి, పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. తలుపు పక్కన మంటలార్పే 4 కిలోల ఏబీసీ పౌడరు సిలిండరు, నూనె గుడ్డలకు మూత ఉన్న ఇనుప డబ్బా ఉండాలి. వాడేసిన ఇంజను ఆయిలును కాలువలో పోయకుండా డబ్బాలో పట్టి, పాత ఆయిలు తీసుకునే సర్వీసు సెంటరుకు ఇవ్వండి.

8. డబ్బు పంపకం

రేట్లు ఊరిని బట్టి, నెలను బట్టి మారతాయి కాబట్టి పైన ఇచ్చిన పరిమాణాలకు మీ ఊరి కొటేషన్లు గుణించుకోండి. మొత్తం 4,00,000 రూపాయలు పెట్టగలరనుకుంటే మేము ఇలా పంచుతాం:

- ఫుటింగులు, నేల: 95,000
- ఇనుము, రేకులు, గట్టర్: 1,05,000
- షట్టర్, ఒకవైపు గోడ: 50,000
- కరెంటు, ఎర్తింగ్: 40,000
- బల్ల, అరలు: 20,000
- పనిముట్లు: 35,000
- చేతిలో ఉంచుకోవాల్సింది: 55,000

ఆఖరి పద్దును కొటేషన్లలో కలపనీయకండి. తవ్వాక రాయి తగలొచ్చు, నల్లరేగడి అనుకున్నదానికన్నా లోతు ఉండొచ్చు. నల్లరేగడి అని ముందే తెలిస్తే ఆ గ్రావెల్ ఖర్చు మొదటి పద్దులోనే వేసి, షట్టర్‌ను వాయిదా వేయండి. 3,00,000 మాత్రమే ఉంటే గోడ, షట్టర్, బల్ల, పనిముట్లు ఆపండి. షట్టర్ గైడ్లకు ప్లేట్లు మాత్రం ఇప్పుడే స్తంభాలకు వెల్డ్ చేయించుకోండి. నేల మందం, వైరు సైజు, ఎర్త్ పిట్ మాత్రం ఎంత తక్కువ బడ్జెట్‌లోనూ తగ్గించొద్దు.

పని మొత్తానికి అడ్వాన్సు 20 శాతం మించనీయకండి. ఫుటింగులు పోశాక, ఇనుము తూకం చూశాక, నేల నీటి పరీక్ష అయ్యాక విడతలుగా ఇవ్వండి. ఫ్యాబ్రికేటర్‌కు ఆఖరి 10 శాతం మొదటి గట్టి వాన పడేదాకా ఆపుతామని కాగితం మీద ముందే రాసుకోండి. ఆ వాన వెలిసిన వెంటనే టార్చి పట్టుకుని రేకుల అడుగున ప్రతి స్క్రూ చుట్టూ చూడండి. తడి చుక్క కనిపించిన స్క్రూకు సున్నం గుర్తు పెట్టి, అవన్నీ వాషర్లు మార్పించాకే ఆ డబ్బు చెల్లించండి.